ఏ చుట్టు మూయాలి, ఏ చుట్టు తెరిచి ఉంచాలి: ట్రాన్స్‌ఫార్మరు చుట్టిన డైరీ

1వ రోజు

నాన్న దగ్గర రెండు ట్రంకు పెట్టెల నిండా క్యాసెట్లున్నాయి. తెనాలిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆడిన పద్య నాటకాలు. స్టేజి పక్కన కూర్చుని తన చేత్తో టేపు చేసుకున్నవి. డెక్కు ఇంకా బాగానే తిరుగుతోంది. యాంప్లిఫయరు మాత్రం పోయిన వేసవిలో పోయింది. బజారులో కొత్తది కొనొచ్చు. కానీ ఆ క్యాసెట్ల కోసం నా చేత్తో ఒకటి చేసి ఇవ్వాలని ఎన్నాళ్లుగానో ఉంది. మెయిన్స్ కరెంటును యాంప్లిఫయరుకు సరిపడా వోల్టులకు దించే పవర్ ట్రాన్స్‌ఫార్మరు కూడా నేనే చుట్టుకోవాలనే పట్టుదల.

శబ్దాన్ని పెంచే చిప్పులు (ఐసీలు) ఎల్ఎం1875, ఎడమకొకటి కుడికొకటి. ప్లస్ 25, మైనస్ 25 వోల్టులు ఇస్తే 8 ఓముల స్పీకరుకు 20 వాట్లు తోలుతుంది. రెండు వైపులా కలిపి 60 వోల్టులు దాటకూడదు. అంటే నాకు కావలసింది 18-0-18 వోల్టుల ఏసీ (నడిమి కొస నుంచి అటు 18, ఇటు 18), రెండున్నర ఆంపియర్లు. వోల్టులనూ ఆంపియర్లనూ గుణిస్తే మొత్తం 90 వీఏ.

అటక మీద పాత టీవీ స్టెబిలైజరు దొరికింది. అందులోని కోరు, అంటే తీగచుట్ట లోపలి ఇనుము, తూకానికి రెండు కిలోల దాకా ఉంది. వైండింగు (తీగచుట్ట) మాడిపోయినా ఇనుముకు ఏమీ కాదు. ఈ-ఐ స్టాంపింగులు, అంటే ఇంగ్లీషు E, I అక్షరాల ఆకారంలో కోసిన ఇనుప రేకులు, వార్నిష్‌కి అంటుకుపోయి రాయిలా ఉన్నాయి. మొదటి రేకు ఊడదీయడానికే ముప్పావుగంట పట్టింది. పాత బ్లేడు సందులో పెట్టి, చెక్క సుత్తితో మెల్లగా తడుతూ పోయాను. ఆ ఒక్కటి వచ్చాక మిగతావి పేకముక్కల్లా జారాయి. రేకు మీద పలచటి బూడిదరంగు పూత ఉంటుంది. దాన్ని గీరకూడదు. ఒక రేకు నుంచి పక్క రేకులోకి కరెంటు పారకుండా ఆపేది అదే. ఆ పూత లేకపోతే కోరు మొత్తం ఒకే ఇనుప దిమ్మ అయిపోయి, దానిలోనే సుడి ప్రవాహాలు తిరిగి కాలిపోతుంది.

2వ రోజు

చుట్టడం మొదలుపెట్టే ముందు ఈ పని అసలు ఎలా జరుగుతుందో కళ్లతో చూడాలనిపించింది. పెద్ద ఇనుప బోల్టుకు ఒక పక్క వంద చుట్లు, ఇంకో పక్క వంద చుట్లు ఎనామిల్ తీగ (కరెంటు దాటని పూత ఉన్న రాగి తీగ) చుట్టాను. రెంటికీ మధ్య ఎక్కడా తగులు లేదు. ఒకదానికి ముల్లు మీటరు, రెండోదానికి టార్చి సెల్లు.

సెల్లు తగిలించగానే ముల్లు టపుక్కున ఒక పక్కకి కొట్టుకుని వెనక్కి వచ్చేసింది. సెల్లు అలాగే పట్టుకుని ఉన్నంతసేపు సున్నా. తీయగానే రెండో పక్కకి కొట్టుకుంది. 1831 ఆగస్టు 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫారడే ఇనుప రింగు మీద రెండు తీగచుట్టలు వేసి చూసింది ఇదే. ఆయన ఎదురుచూసింది నిలకడగా పారే కరెంటు కోసం. కనబడింది మాత్రం తగిలించినప్పుడు ఒక అదురు, తీసినప్పుడు ఒక అదురు. అయస్కాంతం ఉండటం చాలదు, మారుతూ ఉండాలి. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కాబట్టి సెల్లు తగిలించి తీయాల్సిన పని లేకుండానే ఆ అదురు ఆగకుండా పుడుతూనే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు నడిచేది దాని మీదే.

ఇక లెక్క. మధ్య కాలు వెడల్పు 32 మిల్లీమీటర్లు, రేకుల దొంతర 40. పూతకు ఐదు శాతం పోతే అసలు ఇనుము 12.16 చదరపు సెంటీమీటర్లు. ఇనుములో అయస్కాంతం ఎంత దట్టంగా ఉందో టెస్లాల్లో కొలుస్తారు. పాత రేకులు కాబట్టి 1.2 టెస్లాలకు మించి నడపదలచుకోలేదు.

4.44 × 50 × 1.2 × 0.001216 = 0.324

4.44 మారని అంకె, 50 కరెంటు ఊపులు, 1.2 టెస్లాలు, చివరిది చదరపు మీటర్లలో ఇనుము. వచ్చింది ఒక్క చుట్టులో పుట్టే వోల్టేజి. చుట్టు ప్రైమరీలో (మెయిన్స్ అందుకునే వైండింగు) ఉన్నా, సెకండరీలో (దించిన వోల్టేజి ఇచ్చే వైండింగు) ఉన్నా, ఆ కాలు చుట్టూ వేసిన ఉంగరమైనా అంతే: 0.324 వోల్టులు. ఈ అంకె డైరీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాను. వోల్టుకు దాదాపు 3.1 చుట్లు. ప్రైమరీ 230 వోల్టులకు 713. సెకండరీ 18 వోల్టులకు 56, తీగలో పోయే వోల్టేజికి ఐదు శాతం కలిపి ఒక్కోటి 59.

ప్రైమరీలో 0.45 ఆంపియరు పారుతుంది, 26 గేజి చాలు. సెకండరీకి 19 గేజి. రాగి తూకం లెక్కేస్తే ప్రైమరీ దాదాపు 175 గ్రాములు, సెకండరీ 170. ఒకటేమో 120 మీటర్ల సన్నతీగ, ఇంకొకటి 23 మీటర్ల లావుతీగ. చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకే బరువు. వోల్టులూ ఆంపియర్లూ తారుమారైనా మోసే పని ఇద్దరిదీ సమానమే కదా.

4వ రోజు

మా వీధి చివర మోటారు వైండింగు షాపు బాబాయ్ దగ్గర తీగ, వరసల మధ్య అడ్డుపెట్టే లెదరాయిడ్ పేపరు, తీగ కొసలకు తొడిగే స్లీవులు తెచ్చుకున్నాను. చేత్తో తిప్పే వైండింగు మిషను కూడా నాలుగు రోజులకు ఇచ్చాడు.

"అమ్మాయ్, తీగ లాగడం కాదు, అంచు చూసుకో. నడుమ ఎలా చుట్టినా పర్లేదు గానీ, చెంప దగ్గర తీగ కిందికి జారిందంటే పని పోయినట్టే," అన్నాడు.

చెంప అంటే తీగ చుట్టే చట్రం, బాబిన్, పక్క గోడ. ఒక వరసకు 86 చుట్లు, తొమ్మిది వరసలు. రాత్రి పదకొండింటికి 713 పూర్తయింది. ఆ రాత్రే సెకండరీ కూడా చుట్టేశాను. అలసట మీద చెయ్యకూడని పని.

5వ రోజు

కొత్త వైండింగుకు నేరుగా మెయిన్స్ ఇవ్వకూడదు. 100 వాట్ల పాతకాలపు బల్బు సిరీస్‌లో పెట్టి ఇవ్వాలి. లోపల అంతా బాగుంటే బల్బు వెలగదు. స్విచ్చి వేశాను. సెకండరీ ఖాళీగానే ఉంది, దేనికీ కలపలేదు. బల్బు నిండుగా వెలిగింది. వెంటనే ఆపేశాను.

బాబిన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే కమురు వాసన సన్నగా వస్తోంది.

6వ రోజు

రేకులన్నీ మళ్లీ ఊడదీసి, ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ విప్పాను. ఐదో వరస చివర దొరికింది. తీగ చెంప పక్కనుంచి జారి మూడో వరస మీద కూర్చుంది. పేపరు అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువ కోశాను, ఆ సందులోంచి దిగింది. రెండు తీగలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నచోట ఎనామిల్ లేచి, గోటి మీద సున్నంచుక్క అంత మేర రాగి మెరుస్తోంది. అంతే. మధ్యలో ఉన్న దాదాపు 170 చుట్లు తమలో తాము మూసుకుపోయాయి.

కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒక్క చుట్టులో 0.324 వోల్టులు. ఈ తీగ ఒక చుట్టు నిరోధం 0.0176 ఓములు. మూసుకుంటే 18 ఆంపియర్లు. అర ఆంపియరు మొయ్యాల్సిన తీగలో 18! మూసుకున్నవి 170 చుట్లయినా అదే 18, ఎందుకంటే వోల్టేజి ఎన్ని రెట్లు పెరిగిందో నిరోధమూ అన్ని రెట్లు పెరుగుతుంది. తేడా ప్రైమరీకి కనిపించే భారంలోనే. 170 చుట్లు మూసుకుంటే ప్రైమరీ నుంచి నాలుగు ఆంపియర్లకు పైగా లాగబోతుంది, బల్బు అడ్డం ఉంది కాబట్టి బల్బే వెలిగింది. అదే ఒక్క చుట్టు మూసుకుని ఉంటే ప్రైమరీ మీద పడేది 25 మిల్లీఆంపియర్లు. బల్బు గుడ్డిగా కూడా వెలగదు. లోపల మాత్రం ఆ ఒక్క చుట్టులో ఆరు వాట్ల వేడి కూర్చుని చుట్టూ ఉన్న ఎనామిల్‌ను మెల్లగా మాడుస్తుంది. అంటే బల్బు వెలగనంత మాత్రాన ట్రాన్స్‌ఫార్మరు బాగున్నట్టు కాదు. ఖాళీగా గంటసేపు నడిపి, ప్లగ్గు పీకేసి, చేత్తో తడిమి చూడాలి. ఇది నాకు కొత్తగా అర్థమైంది.

9వ రోజు

కొత్త తీగ. ఈసారి పేపరును చెంపకన్నా మూడు మిల్లీమీటర్లు వెడల్పుగా కోసి, అంచును కత్తెరతో దగ్గరదగ్గరగా కత్తిరించి దంతెల్లా పైకి మడిచాను. ఇక తీగ జారడానికి దారి లేదు. రోజుకు మూడు వరసలు మాత్రమే చుట్టాను.

ప్రైమరీ పైన, సెకండరీ మొదలయ్యే ముందు, పలచటి రాగి రేకు ఒక చుట్టు వేశాను. దీని పని వేరు. ప్రైమరీ తీగలూ సెకండరీ తీగలూ పక్కపక్కనే ఉంటే వాటి మధ్య కెపాసిటరు దానంతటదే ఏర్పడుతుంది. 300 పికోఫారడ్లు అనుకున్నా, 230 వోల్టుల దగ్గర 20 మైక్రోఆంపియర్లకు పైగా అందులోంచి సెకండరీలోకి దిగుతుంది. మెయిన్స్‌లో ఎక్కడో ఫ్యాను రెగ్యులేటరు చేసే గరగర కూడా ఆ దారినే వస్తుంది. మధ్యలో రాగి రేకు పెట్టి ఎర్తుకు కలిపితే ఆ దారి అక్కడే తెగుతుంది. కోరులోని అయస్కాంతం మాత్రం ఏ అడ్డూ లేకుండా సెకండరీకి చేరుతుంది.

ఇక్కడ చెయ్యి వణికింది. రేకు రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పది మిల్లీమీటర్లు ఎక్కాలి, కానీ తగలకూడదు. తగిలితే అదీ ఒక మూసిన చుట్టే. ఇంత వెడల్పు రేకు నిరోధం ఎంత తక్కువంటే, 0.324 వోల్టులకే 220 ఆంపియర్లు పారి, 70 వాట్లకు పైగా వేడి పుడుతుంది. కొసల మధ్య రెండు పొరల లెదరాయిడ్ పెట్టి, టేపు వేసి, మీటరుతో మూడుసార్లు చూసుకున్నాను.

సెకండరీ ఈసారి రెండు తీగలు జంటగా పట్టుకుని ఒకేసారి చుట్టాను. 59 చుట్లు, మూడు వరసల్లో సరిగ్గా పట్టాయి. ఇలా చేస్తే రెండు సగాలకూ ఒకే పొడవు, ఒకే నిరోధం.

10వ రోజు

బల్బు వెలగలేదు. మెయిన్స్ నేరుగా ఇచ్చాను. ఖాళీగా లాగుతున్న కరెంటు 92 మిల్లీఆంపియర్లు, పైగా కోరు చిర్రుమంటోంది. ఈ-ఐ రేకులు ఒకటి అటు ఒకటి ఇటు మార్చి మార్చి పెట్టాను గానీ, సందులు పూర్తిగా కలవలేదు. చెక్క దిమ్మ పెట్టి నాలుగు వైపులా తట్టి, బోల్టులు బిగించాక 58కి దిగింది. కాగితం మందం గాలి సందు కూడా ఇనుముకు భారమే. ఆ సందులోంచి ఫ్లక్సును, అంటే కోరులో తిరిగే అయస్కాంత ప్రవాహాన్ని, దాటించడానికి ప్రైమరీ అదనంగా కరెంటు తాగాలి.

సెకండరీ కొసలు కొలిచాను. మధ్య నుంచి ఒక పక్కకి 19 వోల్టులు, రెండో పక్కకి 19. రెండు చివరల మధ్య 38 రావాలి. సున్నా!

రెండు తీగల మొదళ్లనూ కలిపేశాను. ఒకదాని మొదలు, రెండోదాని చివర కలపాలి. బొమ్మల్లో వైండింగు పక్కన పెట్టే చుక్క దీనికోసమే. రెండు చుక్కలూ ఒకే క్షణంలో ప్లస్ అవుతాయి. తీగ మొదళ్లకు ఎర్ర స్లీవు తొడిగి ఉంటే ఈ పొరపాటు రాదు. కలిపింది విప్పి సరిచేశాను. 38.1 వోల్టులు.

గంటసేపు ఖాళీగా వదిలేసి, ప్లగ్గు తీసి తడిమాను. గోరువెచ్చన, అంతటా ఒకేలా. ఎక్కడా ఒక్కచోట చురుక్కుమనలేదు. మర్నాడు బాబాయ్ దగ్గరకు పట్టుకెళ్తే వైండింగుల మధ్య కరెంటు కారుతోందేమో చూసే 500 వోల్టుల మెగ్గరు పెట్టి చూశాడు. ముల్లు చివరికంటా పోయింది. "వార్నిష్‌లో ముంచి రాత్రంతా ఆరబెట్టు. నీ చేతి పని నిలబడుద్ది," అన్నాడు.

13వ రోజు

ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి డయోడు, ఒక్కో వైపు 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటరు, ప్లస్ మైనస్ ఇరవై ఆరు చొప్పున వచ్చాయి. ఐసీ బోర్డు ఇన్‌పుట్ కాళ్ల దగ్గరే షార్టు చేసి స్విచ్చి వేశాను. పూర్తి నిశ్శబ్దం. ఎంత సంతోషమేసిందో!

తర్వాత వెనక సాకెట్ల నుంచి బోర్డుకు తీగలు వేసి, సాకెట్ దగ్గర షార్టు చేశాను. స్పీకర్లో జుర్రుమని మోత.

మోత బోర్డుది అయితే మొదటే రావాలి. సాకెట్‌కు బయట ఏమీ లేదు. కాబట్టి దొంగ ఆ రెండు జానల తీగలోనే ఉన్నాడు. ఫోనులో ఆడియో స్పెక్ట్రం చూపించే యాప్ పెట్టి స్పీకరు ముందు ఉంచాను. 100, 200, 300, 400 హెర్ట్జ్‌ల దగ్గర దువ్వెన పళ్లలా గీతలు. 50 దగ్గర దాదాపు ఏమీ లేదు.

100 అంటే బ్రిడ్జి. డయోడ్లు కెపాసిటర్లను సెకనుకు వందసార్లు నింపుతాయి. అదీ ధారగా కాదు, దోసిళ్లతో గుమ్మరించినట్టు. పాట లేనప్పుడు కూడా ఒక్కో గుమ్మరింపు ఒక ఆంపియరు దాకా లేచి మిల్లీసెకన్లలో పడిపోతుంది. నేనేమో బ్రిడ్జి నుంచి కెపాసిటర్లకు తీగలు అందంగా దూరదూరంగా, పెట్టె అంచుల వెంట వేశాను. అదొక పెద్ద ఉచ్చు. ఇన్‌పుట్ తీగలు ఇంకో ఉచ్చు. ఒక ఉచ్చులో కరెంటు మారితే రెండో ఉచ్చులో వోల్టేజి పుడుతుంది. తగులు అక్కర్లేదు, ఇనుము కూడా అక్కర్లేదు.

దీన్ని మన పాఠ్యపుస్తకాల్లో అన్యోన్య ప్రేరణ అంటారు. నాకు చాలా ఇష్టమైన మాట. ఒకదాని మనసు కదిలితే రెండోది కదిలే అన్యోన్యం మనకు తెలుసు. ఇక్కడ ఇంకో నిజం కూడా ఉంది: ఒకటి రెండోదాన్ని ఎంత కదిలించగలదో, రెండోది మొదటిదాన్ని సరిగ్గా అంతే కదిలించగలదు. ఆ గుణకం ఇద్దరికీ ఒకటే. నా రెండు ఉచ్చుల మధ్య అది 0.1 మైక్రోహెన్రీ అనుకుందాం. అర మిల్లీసెకనులో ఒక ఆంపియరు లేస్తే 0.2 మిల్లీవోల్టు. యాంప్లిఫయరు దాన్ని ఇరవై రెట్లు చేసి స్పీకరుకు ఇస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవికి అది చాలు.

ఆ తీగలను జడలా అల్లి, బ్రిడ్జిని కెపాసిటర్ల పక్కకే జరిపాను. జడలో ఒక మెలిక ఈ వైపు ఫ్లక్సు పుట్టిస్తే పక్క మెలిక దానికి ఎదురు పుట్టిస్తుంది, దూరానికి ఏమీ మిగలదు. ఇన్‌పుట్ తీగలు కూడా జంటగా పెనవేసి పెట్టె రెండో మూలకు పంపాను. దువ్వెన పళ్లు మాయమయ్యాయి. ఒక్క పైసా ఖర్చు లేదు. ఉచ్చు వైశాల్యం తగ్గించడం ఒక్కటే చేసిన పని.

14వ రోజు

డెక్కును యాంప్లిఫయరు మీద పెట్టి మొదటి క్యాసెట్ వేశాను. హార్మోనియం శ్రుతి, తర్వాత పద్యం. నాన్న కళ్లు మూసుకుని వింటున్నారు. నటుడు రాగం తీసి ఊపిరి పీల్చుకున్నచోట కళ్లు తెరిచారు.

"అమ్మా, హార్మోనియం కింద ఇంకో శ్రుతి నడుస్తోంది. ఇది ఆ రోజు స్టేజి మీద లేదు."

నాకు వినబడలేదు. వాల్యూము పెంచితే అప్పుడు తెలిసింది, కింద ఎక్కడో గుమ్మని నిలకడైన మోత. యాప్ చూస్తే 50, పక్కన చిన్నగా 150. ఈసారి బ్రిడ్జి కాదు. బ్రిడ్జిదైతే 100 ఉండాలి.

నాన్న అడిగారు, "మన సందు మొదట్లో స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మరు కూడా గుయ్యిమంటుంది కదా, ఇదీ అదేనా?" అని. కాదు. 11,000 వోల్టులను 433కి దించే ఆ పెట్టె దగ్గర నిలబడితే గాలిలో వినబడేది ముఖ్యంగా 100 హెర్ట్జ్‌ల మోత. ఇనుము అయస్కాంతమైనప్పుడల్లా వెంట్రుకవాసి కన్నా ఎంతో తక్కువగా సాగుతుంది, ఉత్తర ధ్రువం అటున్నా ఇటున్నా సాగుతుంది కాబట్టి ఒక ఊపుకు రెండుసార్లు. కానీ అదే అయస్కాంతం పక్కన ఒక తీగచుట్ట ఉంటే అందులో పుట్టేది 50. గాలిలో విన్నది వేరు, తీగలోకి దూరింది వేరు.

క్యాసెట్ తీసేసి, ఖాళీ డెక్కులో ప్లే నొక్కాను. మోత ఉంది. ప్లే ఆపితే పోయింది. డెక్కును చేతుల్లోకి ఎత్తుకుని మెల్లగా గుండ్రంగా తిప్పాను. ఒక దిక్కున మోత పెరిగింది, ఇంకో దిక్కున దాదాపు ఆగిపోయింది. అర్థమైంది. టేపు హెడ్డు కూడా తీగచుట్టే. చిన్న అయస్కాంత కోరు మీద సన్నటి తీగ వందల చుట్లు. టేపు మీది అతి చిన్న అయస్కాంతాన్ని పట్టుకోవడానికి చేసిందాన్ని నా ట్రాన్స్‌ఫార్మరుకు గుప్పెడు దూరంలో కూర్చోబెట్టాను. అదిప్పుడు నా ట్రాన్స్‌ఫార్మరుకు మూడో వైండింగు.

15వ రోజు

ఎంత ఫ్లక్సు బయటికి కారుతోందో కొలవాలి. 36 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మందు సీసాకు సన్నతీగ వంద చుట్లు వేసి, మీటరు మిల్లీవోల్టు రేంజికి కలిపాను. ట్రాన్స్‌ఫార్మరు నడుమ నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో, చుట్లకు ఎదురుగా: 1.9 మిల్లీవోల్టులు. లెక్క కడితే దాదాపు 60 మైక్రోటెస్లాలు. 16 సెంటీమీటర్లకు జరిపితే 0.3. రెట్టింపు దూరానికి ఆరో వంతు. ఇంకా దూరం పోతే ఎనిమిదో వంతు చొప్పున తగ్గుతుంది. సీసాను తొంభై డిగ్రీలు తిప్పితే మీటరు సున్నా దగ్గరకు వచ్చేసింది.

మనం నిలబడ్డచోట భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. అంటే నా ట్రాన్స్‌ఫార్మరు కారుస్తున్నదానితో పోల్చదగినదే. అయినా భూమి వల్ల హెడ్డులో చప్పుడు లేదు, ఎందుకంటే అది ఊగదు. రెండో రోజు సెల్లు పట్టుకుని ఉన్నంతసేపు ముల్లు సున్నాలో నిలబడటం గుర్తొచ్చింది.

కోరు పూర్తిగా మూసి ఉన్నా ఇంత కారడం ఎందుకు? 1884-85ల్లో బుడాపెస్టు గాంజ్ ఫ్యాక్టరీలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ మూసిన ఇనుప కోరుతో ట్రాన్స్‌ఫార్మరు చేసేదాకా, కరెంటు సరఫరాకు వాడినవి ఎక్కువగా రెండు కొసలూ తెరిచిన కోరులే. నా రెండో రోజు బోల్టు లాంటివి. ఫ్లక్సు సగం దారి గాలిలో నడవాలి. మూసిన కోరులో అధిక భాగం ఇనుములోనే తిరుగుతుంది. కానీ ఇనుము సందుల దగ్గర, వైండింగు పక్కల నుంచి కొంత బయటికి పొంగుతుంది. రింగు కోరులో ఇది చాలా తక్కువ, ఈ-ఐలో ఎక్కువ.

మందు ఒకటుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు రాగి పట్టీని ట్రాన్స్‌ఫార్మరు బయట, వైండింగునూ పక్క కాళ్లనూ కలిపి, తీగ చుట్టిన దిశలోనే నడికట్టులా బిగించి, రెండు కొసలూ గట్టిగా టంకం వేయాలి.

పట్టీ చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఆరో రోజు మూసుకున్న చుట్టు వల్లే కదా అంతా విప్పాను. తొమ్మిదో రోజు రాగి రేకు కొసలు తగలకుండా అంత జాగ్రత్త పడ్డాను. ఇప్పుడు నా చేత్తో చుట్టు మూస్తున్నాను. దీనిలో 0.324 వోల్టులు ఎందుకు పుట్టవు?

బొమ్మ గీస్తే తేలింది. మధ్య కాలులోంచి పైకి పోయిన ఫ్లక్సు రెండు పక్క కాళ్లలోంచి కిందికి వచ్చేస్తుంది. నడికట్టు మూడు కాళ్లనూ కలిపి చుడుతుంది కాబట్టి దాని దృష్టిలో పోయినదీ వచ్చినదీ చెల్లు. మొత్తం సున్నా. లోపలి చుట్టు చుట్టుకునేది మధ్య కాలును మాత్రమే, అందుకే దానికి మొత్తం దెబ్బ తగులుతుంది. నడికట్టులో లెక్క తేలనిది బయట గాలిలోంచి తిరిగి వచ్చే ఫ్లక్సు ఒక్కటే. అది మారినప్పుడు పట్టీలో కరెంటు పుట్టి, లెంజ్ అనే శాస్త్రవేత్త చెప్పినట్టు, ఆ మార్పుకే ఎదురు తిరుగుతుంది. చుట్టు మూసుకుందా లేదా అన్నది సగం ప్రశ్నే. ఏ ఫ్లక్సు చుట్టూ మూసుకుంది అన్నది మిగతా సగం.

టంకం పెద్ద సాల్డరింగ్ ఐరన్‌తో వేశాను, కొసల వెడల్పంతా కరిగి పట్టేలా. అదే 8 సెంటీమీటర్ల దగ్గర మీటరు 0.7 చూపించింది. పట్టీ వెచ్చబడలేదు. ఖాళీ కరెంటు 58 అలాగే ఉంది.

తర్వాత ట్రాన్స్‌ఫార్మరును పెట్టెలో తొంభై డిగ్రీలు తిప్పి బిగించాను. సీసా చేతిలో పట్టుకుని, డెక్కు హెడ్డు ఉండే చోట మీటరు అతి తక్కువ చూపించే దిశ వెతుక్కుని ఆ దిశకే బోల్టు కన్నాలు వేశాను. కోరునూ పెట్టెనూ ఎర్తుకు కలిపాను, ప్రైమరీలో ఒక ఆంపియరు స్లో ఫ్యూజు.

20వ రోజు

డెక్కు ఇప్పుడు యాంప్లిఫయరు మీద కాదు, పక్క అరలో, మూరెడు దూరంలో ఉంది. మూడు గంటలు క్యాసెట్లు ఆగకుండా నడిచాక ట్రాన్స్‌ఫార్మరు మీద అరచెయ్యి ఆనించగలుగుతున్నాను. యాప్‌లో 50 దగ్గర గీత నేల మట్టానికి కలిసిపోయింది.

సాయంత్రం నాన్న అదే క్యాసెట్ మళ్లీ అడిగారు. నటుడు రాగం తీసి ఆగిన చోటుకు వచ్చింది. స్పీకర్లో సన్నటి టేపు ఒరిపిడి, హార్మోనియం గాలితిత్తి కదిలిన చప్పుడు, ఎవరో ముందు వరసలో దగ్గు. నాన్న కళ్లు తెరవలేదు. పద్యం అయిపోయాక, "ఆ దగ్గింది మీ పెదనాన్న," అన్నారు.